ఎడమచేతి కౌగిలి

"చొక్కా ఎత్తవోయ్, వెర్నన్," అన్నాడు మేనేజరు. ఎత్తాను. నడుముకున్న పిస్తోలు బయటపడింది. మా టెక్సాస్‌లో అది తప్పేం కాదు. కంపెనీ యూనిఫాంలో ఉన్నప్పుడు మాత్రం కూడదు. ఏసీలు బాగుచేసే నా ఉద్యోగం అక్కడికక్కడే ఊడింది.

పైకి కనిపించేది కాదది. పొద్దున ఏసీ బాగైన సంతోషంలో ఒక ముసలావిడ కౌగిలించుకుంటే, పిస్తోలు దాచుకునేవాళ్ళందరిలాగే కుడి మోచేతిని నడుముకు అదిమిపెట్టి, ఎడమచేత్తో సరిపెట్టాను. ఆవిడకే తెలియలేదు. తెలిసింది నాతో వ్యానులో తిరిగే హాలిస్ ఒక్కడికే.

పిస్తోలు తీసుకెళ్ళి నా ట్రక్కులో పెట్టేసి, వాణ్ణి నిలదీశాను. "నువ్వేగదరా చెప్పింది?"

"నేనే. ఏం చెయ్యమంటావ్? తుపాకీ అంటేనే నాకు హడల్రా! నీ పక్కన కూర్చుని పొద్దస్తమానం బిక్కుబిక్కుమంటూ చస్తున్నా. పిల్లలు గలవాణ్ణి."

సిగ్గేసింది. ఇన్నాళ్ళూ వాడి భయం నాకు తట్టనే లేదు. "పోనీలేరా," అన్నాను.

ఇక దాచేదేముంది? రెండు చేతులూ చాచాను.

వాడు ఎడమచేత్తోనే నన్ను వాటేసుకున్నాడు. కుడి మోచెయ్యి నడుముకు అదిమిపెట్టే ఉంది.