మహారాణికి కొత్త అద్దం

భార్య స్కూటరు చప్పుడు వీధి మలుపు దాటేదాకా ఊపిరి బిగబట్టి, ఆయన షెడ్డులోకి దూరాడు. లైటు వెయ్యలేదు. చంకలో కొత్త అద్దం ఉన్న అట్టపెట్టె.

షెడ్డులో మహారాణి ఉంది. నిజానికి అది కారు. ఇరవై ఏళ్ళు రెక్కలు ముక్కలు చేసుకుని అంత ఖరీదైన కారు కొనుక్కున్నవాడు ఆ మాత్రం పేరు పెట్టుకోడా! నిన్న మధ్యాహ్నం గోడకు ఆనించిన ఇనుప నిచ్చెన ఆయన కాలికి తగిలి, సరాసరి మహారాణి సైడు అద్దం మీద పడింది. వెనక వచ్చే బళ్ళను చూపించే అద్దం కాస్తా ముక్కలైంది.

ఇదివరకోసారి ఈ షెడ్డులోనే పడి ఆయన నుదుటికి కుట్లు పడిన రోజునే భార్య తేల్చి చెప్పేసింది.

"ఇంకోసారి నాకు తెలీకుండా ఆ కారు దగ్గరికి వెళ్ళారంటే అమ్మి పారేస్తాను. ఒట్టు."

ఆవిడ అన్నంత పనీ చేసే మనిషి. పైగా కారు తుడిచే రోజు ఇవాళే. మార్కెట్ నుంచి రాగానే బకెట్టు పట్టుకుని వచ్చేస్తుంది.

ఆవిడ బయటికి వెళ్ళినప్పుడల్లా ఓ పావుగంట ఆ సీట్లో కూచుని, స్టీరింగు మీద చేతులు వేసుకోవడం. ఆయనకు మిగిలిన సుఖమల్లా అదొక్కటే. అది కూడా పోతే ఇక ఏం బతుకు అనిపించింది.

చొక్కా జేబులో ఫోను స్పీకరు మీద ఉంది. అవతల, అద్దం పంపించిన స్పేర్ పార్టుల కొట్టు స్నేహితుడు.

"నీవల్ల అవుతుందంటావా? మనిషిని పంపుతాన్రా."

"మనిషొస్తే ఎదురింటావిడ చూస్తుంది. ఆవిడ చూస్తే మా ఆవిడ చూసినట్టే. నువ్వు చెప్పు, నేను చేస్తా."

"సరే. పాత అద్దం కింది అంచులోకి వేళ్ళు దూర్చి లాగు. మెల్లిగా."

లాగాడు. ఫట్టుమని ఊడింది. వేలు చురుక్కుమంది. నోట్లో పెట్టుకుంటే ఉప్పగా తగిలింది.

"వెనకాల రెండు వైర్లుంటాయి. పీకి కొత్తదానికి తగిలించు."

ఒకటి దొరికింది. రెండోది ఎంత తడిమినా దొరకదే! చెమట చెంపల మీదుగా కారిపోతోంది. చివరికి అది ఓ మూల నక్కి కూచుంది.

"ఇప్పుడు మధ్యలో అరచెయ్యి పెట్టి నొక్కు. టక్కుమనాలి."

నొక్కాడు. అనలేదు. మెల్లిగా నొక్కితే బిగియదు, గట్టిగా నొక్కితే ఇదీ పగిలి ఊరుకుంటుంది. గుండె రాయి చేసుకుని ఒక్క నొక్కు నొక్కాడు.

టక్!

పోయిన ప్రాణం లేచొచ్చింది.

"అయిందిరా!"

"శభాష్! ఇంకొక్కటే పని. ఆ అద్దం మీద..."

వీధిలో స్కూటరు ఆగి, గేటు కిర్రుమంది. ఆయన ఫోను కట్టేశాడు. పాత ముక్కలున్న పెట్టెను కారు కిందికి తోసేసి, లోపలి తలుపులోంచి వంటింట్లోకి వచ్చి కుర్చీలో కూలబడ్డాడు.

"వేలికేమైందండీ?"

"ఉల్లిపాయ కోస్తుంటే తెగింది."

"ఇంట్లో ఒక్క ఉల్లిపాయ కూడా లేదనే కదా నేను మార్కెట్‌కి వెళ్ళింది?"

ఆయన వేలు గుప్పిట్లో దాచుకున్నాడు. బకెట్టు తీసిన చప్పుడు. షెడ్డు తలుపు చప్పుడు. ఆయన వెనకే వెళ్ళి గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు.

ఆవిడ అడుగులు కారు చుట్టూ తిరిగి తిరిగి, సరిగ్గా ఆ అద్దం దగ్గర ఆగిపోయాయి. ఎంతకీ కదలవు.

అయిపోయింది, మహారాణి చెయ్యి జారిపోయినట్టే అనుకున్నాడు.

"అబ్బ! ఈ అద్దం ఎంత తళతళలాడుతోందో! నా జుట్టు ఇంతలా రేగిపోయిందని ఇందులో కనబడితే గానీ తెలీలేదు" అంది ఆవిడ.

ఆయన గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు.

ఆవిడ గట్టిగా ఓ దొంగదగ్గు దగ్గి, ఆ చప్పుడు మాటున, కొత్త అద్దాన్ని ఇంకా పూర్తిగా కప్పేసి ఉన్న నీలం ప్లాస్టిక్ పొరను, చూపు పోయిన భర్త చెవిన పడకుండా ఊడదీసేసింది.