ఐదుకు సున్నా

"కనీసం మూడైనా కొట్టాలి సూజీ. లేదంటే ఇల్లు పోయినట్టే," అన్నాడు కృపాల్, బస్సు దిగుతూ.

వాళ్ళు వచ్చింది జర్మనీలోని డెగ్గెన్‌డార్ఫ్ ఊరి చివరున్న షూటింగ్ క్లబ్బుకి. రమ్మన్నది ఇంటి ఓనరు ఐగ్నర్. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి. మూడు గదుల ఇల్లు అద్దెకిస్తానంటే ముప్పై మంది ఎగబడ్డారు. అందరి జీతం కాగితాలూ ఒక్కలాగే ఉన్నాయని ఆయన విసుక్కున్నాడు.

"పిస్టల్ పట్టుకున్నప్పుడే మనిషి బయటపడతాడు. శనివారం మా క్లబ్బుకు రండి. మీరో ఐదు, మీ ఆవిడో ఐదు, నేనో ఐదు కాలుద్దాం," అన్నాడు.

ఆ ఇల్లు వాళ్ళకెంత అవసరమో వాళ్ళకే తెలుసు. ఏడు నెలల్లో యాభై ఎనిమిది ఇళ్ళు చూశారు. ఒక్కటీ దక్కలేదు. మూడేళ్ళ కూతురు లిండాతో కలిసి ముగ్గురూ ఒంటిగదిలో సర్దుకుంటున్నారు. పిల్లకు కీటాలో, అంటే అక్కడి పసిపిల్లల బడిలో, ఎట్టకేలకు సీటొచ్చింది గానీ, ఈ నెలాఖరులోగా ఐగ్నర్ ఇల్లున్న ఆ పేటలోనే అడ్రసు చూపించాలట. చూపించకపోతే సీటు ఇంకొకరికి పోతుంది.

అందుకే కృపాల్ వారం రోజులు కష్టపడ్డాడు. వీడియోలు చూశాడు. వంటింట్లో నీళ్ళ సీసా చాచి పట్టుకుని, ఒక కన్ను మూసి, ఫ్రిజ్ మీది టొమాటో బొమ్మను వందసార్లు కాల్చి చంపాడు. సూజీకీ పాఠాలు చెప్పాడు. పెళ్ళయిన ఐదేళ్ళుగా మాట్లాడే పని కృపాల్‌ది, వినే పని సూజీది. ఇద్దరికీ అలవాటైపోయింది.

క్లబ్బు గోడల నిండా ఐగ్నరే. మెడలో వెండి గొలుసుతో, ఆ ఏటి షూటింగ్ రాజుగా, ఇరవై రెండు ఫొటోలు. చివరి నాలుగేళ్ళ ఫొటోల్లో మాత్రం వేరేవాళ్ళున్నారు. ఐగ్నర్ ఇప్పుడు కాఫీ కప్పు రెండు చేతులతో ఎత్తుతున్నాడు. అది చూసి సూజీ మనసు చివుక్కుమంది.

టార్గెట్లు బిగించే సెప్ అనే పెద్దాయన వాళ్ళ పక్కన చేరాడు.

"పోయిన వారం కెమ్నిట్జ్ నుంచి ఒక ఇంజినీరు వచ్చాడు. ఐదుకు నాలుగు కొట్టాడు," అన్నాడు.

కృపాల్ కంగారుగా అడిగాడు. "అయితే ఇల్లు అతనికేనా?"

"లేదు. ఎందుకో ఐగ్నర్ వద్దన్నాడు."

"ఆ ఇంజినీరుకు కుక్క ఉండుంటుందే, అందుకే వద్దన్నాడు," అని కృపాల్ సూజీ చెవిలో తేల్చేశాడు.

సూజీకి అనవసరపు ప్రశ్నలెక్కువ. ఆ రోజు ఐగ్నర్ గారు ఎన్ని కొట్టారని అడిగింది. సెప్ గొంతు సవరించుకుని, కాఫీలో చక్కెర కలపడంలో మునిగిపోయాడు. ఇక్కడ గాలి ఎప్పుడూ ఇటే వీస్తుందా అని అడిగింది. ఈ పిస్టల్ ఎడమకు లాగుతుందా అని కూడా అడిగింది.

"లాగడానికి అదేమన్నా కుక్కా? పరువు తీయకే బాబూ," అన్నాడు కృపాల్.

ఒక్కొక్కరికీ ఒక్కో టార్గెట్, యాభై మీటర్ల దూరంలో. అంత దూరంలో ఆ కాగితం అరచెయ్యంత కనిపిస్తోంది.

ముందు కృపాల్ దిగాడు. కాళ్ళు ఎడంగా పెట్టి, రెండు చేతులతో పిస్టల్ పట్టుకుని, సినిమా పోలీసులా నిలబడ్డాడు. నాలుగు గుళ్ళు ఎటు పోయాయో దేవుడికే తెలియాలి. ఐదోది కాగితం మూలన తగిలింది.

"స్తోత్రం ప్రభువా!" అన్నాడు గట్టిగా.

తర్వాత సూజీ. చెవులకు చప్పుడు ఆపే మఫ్‌లు పెట్టుకుంది. ఎడమచెయ్యి తీసుకెళ్ళి జాకెట్ జేబులో దోపుకుంది.

"రెండు చేతులే! రెండు చేతులూ!" అని కృపాల్ వెనకనుంచి కేకేశాడు. ఆమెకు వినబడలేదు. ఊపిరి బిగబట్టి బొమ్మలా నిలబడిపోయింది. పిస్టల్ పేలింది గానీ, వేలు కదిలినట్టే లేదు.

ఐగ్నర్ టెలిస్కోపులోంచి కాగితం వైపు చూశాడు. "ఫార్కార్టె!" అన్నాడు.

గుండు కాగితానికి అసలు తగలకపోతే అక్కడ అలాగే అంటారు. రైలు టికెట్టని అర్థం. సూజీ రెండోదీ టికెట్టే. మూడోదీ, నాలుగోదీ, ఐదోదీ.

"ఐదు టికెట్లు! ఇంటిల్లిపాదీ మ్యూనిక్ వెళ్ళి రావచ్చు!" ఐగ్నర్ కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వాడు. సెప్ కూడా నవ్వాడు. కృపాల్ నవ్వలేదు. కీటా సీటు కళ్ళముందే చెయ్యిజారిపోతోంది.

చివరికి ఐగ్నర్ పిస్టల్ అందుకున్నాడు. చెయ్యి వణుకుతోంది. కాఫీ తాగుతున్నవాళ్ళు చూపులు తిప్పుకున్నారు. మొదటిది టికెట్టు. రెండోదీ అంతే. మూడోది కాగితం అంచున తగిలింది. నాలుగోది పోయింది. ఐదోది వెళ్ళి నల్లటి వలయంలో పడింది!

ముసలాయన పిస్టల్ కింద పెట్టాడు. సూజీ చప్పట్లు కొట్టింది. ఆ తర్వాత అందరూ కొట్టారు.

"రెండు! ఈ రోజు నేనే ఫస్టు!" అన్నాడాయన. ముఖం వెలిగిపోతోంది. కృపాల్ భుజం తట్టి, "సామాను ఎప్పుడు తెచ్చుకుంటారు?" అన్నాడు.

బస్సులో కృపాల్‌ను పట్టడం ఎవరి తరమూ కాలేదు.

"చూశావా, నేను కొట్టిన ఆ ఒక్కటే మనల్ని నిలబెట్టింది. నీ సున్నాకి ఇల్లు పోవాల్సింది. గురి అంటే అందరికీ రాదే, పుట్టుకతో రావాలి. వీలున్నప్పుడు నేను నేర్పిస్తాలే."

"అలాగేనండీ," అంది సూజీ.

సోమవారం టార్గెట్లు మార్చడానికి వెళ్ళిన సెప్‌కి, సూజీ కాగితం పక్కనే చట్రంలో ఉన్న మూడు వేళ్ళ వెడల్పు కర్రలో, ఒక్క అగ్గిపెట్టెతో మూసేయగలిగినంత చోట, ఐదు గుళ్ళూ కనిపించాయి.