పక్క సీటు

"కారు అమ్మనని నాన్నకి మాటిచ్చావు కదా అన్నయ్యా!"

"ఇచ్చాను. అందుకే నీకో అవకాశం ఇస్తున్నా, తాబేలూ. ఇవాళ బాగా నడిపావా, కారు నీదే. లేదా, అమ్మేస్తా. పక్కన కూర్చునే ట్రైనరుదే తీర్పు. తర్వాత ఏడిస్తే ఊరుకోను."

చెల్లెలు తాళం గుప్పిట్లో బిగించింది. రెండు సీట్ల ఎర్ర స్పోర్ట్స్ కారు అది. నాన్న దాన్ని పసిపిల్లకి స్నానం చేయించినట్టు కడిగి తుడుచుకునేవాడు. ఆయన వాసన ఇంకా ఎక్కడైనా మిగిలి ఉంటే ఆ సీట్లలోనే ఉంది. సొంత అన్నే దాన్ని వదిలించుకోవాలని చూస్తున్నాడు.

ఎవరి కారు వాళ్లు తెచ్చుకుని రేసు ట్రాక్ మీద నడుపుకునే రోజది. కొత్తవాళ్ల పక్కన ట్రైనర్లు కూర్చుంటారు. అన్నయ్య తీసుకొచ్చిన మనిషి బొద్దుగా ఉన్నాడు. హెల్మెట్ పెట్టుకునే కారు చుట్టూ తిరిగాడు, వంగి టైర్లు తడిమాడు, తలుపు రెండుసార్లు తీసి వేశాడు. ఎంత జాగ్రత్త గల మనిషో అనుకుంది చెల్లెలు.

"నిదానంగా వెళ్లనా సార్?"

"నిదానంగా వెళ్తే ఏం తెలుస్తుందమ్మా? తొక్కండి."

తొక్కింది. మొదటి మలుపులో కళ్లు మూసుకోబోయి, నాన్న గుర్తొచ్చి తెరిచింది. కారు చెప్పినట్టు విని తిరిగింది.

"ఇప్పుడు గట్టిగా బ్రేకెయ్యండి."

వేసింది. ఆయన అద్దం దించి వాసన చూశాడు.

"భేష్!"

మలుపులన్నీ అయ్యాక తిన్నని దారి వచ్చింది.

"స్టీరింగ్ వదిలెయ్యండి."

"వదిలెయ్యాలా?"

"ఒక్క క్షణమే."

ఇది ధైర్యానికి పరీక్ష కాబోలు. పళ్లు బిగబట్టి వదిలింది. కారు ఇటు బెత్తెడు, అటు బెత్తెడు కూడా జరగకుండా నేరుగా సాగింది. ఆయన తొడ చరుచుకున్నాడు. ఆ తర్వాత ఏసీ వెయ్యమన్నాడు. ఇది ఏకాగ్రతకు పరీక్ష కాబోలనుకుని, రోడ్డు మీద చూపు తిప్పకుండా వేసింది.

"అద్భుతం! ఇంత బాగుంటుందని అనుకోలేదు."

ఆమె కళ్లు చెమర్చాయి. పుట్టి బుద్ధెరిగాక తాబేలనడమే తప్ప ఆ ఇంట్లో ఒక్కరైనా ఇలా మెచ్చుకున్నారా? చివరి చుట్టులో ముందున్న కారుని కూడా దాటేసింది.

కారు ఆపి, దిగీ దిగకుండానే కేక పెట్టింది.

"అన్నయ్యా, అడుగు ఆయన్ని! అద్భుతమన్నారు! కారు నాదే!"

అన్నయ్య తన బూట్ల వైపు చూస్తూ నిలబడ్డాడు. ఇంతలో పచ్చ జాకెట్ వేసుకున్న అమ్మాయొకతె వచ్చింది.

"బాగా నడిపారు మేడమ్. ట్రైనర్ని నేనే. పొద్దున మీ పక్కన కూర్చుందామనే వచ్చాను. తెలిసినాయన ఉన్నారు, మీరు అక్కర్లేదని మీ అన్నయ్యే పంపించేశారు."

చెల్లెలు అన్నయ్య వైపు తిరిగింది. నమ్మించి గొంతు కోయడమంటే ఇదే కాబోలు. అదీ తోడబుట్టినవాడు.

"మరి ఈయనెవరు అన్నయ్యా?"

బొద్దాయన హెల్మెట్ తీసి చంకలో పెట్టుకుని, ముచ్చటగా కారు బానెట్ నిమిరి, ఆమె ముందు చెయ్యి చాపాడు.

"ఎవరి మాటా నమ్మకుండా నా కళ్లతో చూసుకుని కొందామని వచ్చానమ్మా. కొత్తగా నేర్చుకుంటున్న మీ చేతిలోనే ఇంత బాగా పరిగెత్తిందంటే ఇంకేం చూడాలి? తాళం ఇలా ఇవ్వండి."