రింగు పట్టిన చెయ్యి

పరుగెత్తే రైలుకు మనిషి చేత్తో రింగు అందించాలని రూలు రాసిన అయ్యలారా, మీలో ఒక్కరైనా ఆ రింగు పట్టుకుని పట్టాల పక్కన నిలబడ్డారా?

నిలబడలేదు. నిలబడి ఉంటే ఆ రూలు రాసేవాళ్ళు కాదు.

గువ్వలమిట్ట మీదుగా పోయే దారిలో ఉన్నది ఒక్కటే లైను. రింగంటే బెత్తంతో చేసిన పెద్ద వలయం. దానికి ఒక తోలుసంచి, సంచిలో ఇనుప గుండు. ఎదురుబండి లేదనడానికి ఆ గుండే గుర్తు; అది చేతికి అందితేనే డ్రైవరు ముందు స్టేషనుకు పోవాలి. మెయిలు చిన్న స్టేషన్లలో ఆగదు. అందుకని ప్లాట్‌ఫారం అంచున ఒక మనిషి రింగు ఎత్తి పట్టుకోవాలి. ఇంజనులోని మనిషి అందులోకి చెయ్యి దూర్చి లాక్కుపోవాలి.

గువ్వలమిట్టలో ఆ ఎత్తి పట్టుకునే మనిషి మునిరత్నం.

ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటేడు. మునిరత్నానికి ఉద్యోగం కొత్త. అప్పటికే రెండుసార్లు రింగు జారవిడిచాడు. రెండుసార్లూ మెయిలు ఆగింది. రెండు మెమోలు వచ్చాయి. మూడోసారి పడితే ఇంటికే.

ఆ ఉదయం తిరుపతి ప్యాసింజరును పక్కకు తప్పించే లూపులైనులో నిలిపారు. మెయిలు దాటిపోతేగాని అది కదలదు. జనం దిగి బీడీలు ముట్టించారు.

మునిరత్నం వట్టి రింగు పైకెత్తి చెయ్యి అలవాటు చేసుకుంటున్నాడు.

"అట్ల పట్టుకోకు నాయనా."

ప్యాసింజరులోంచి దిగిన ముసలాయన. భుజాన చారల తుండుగుడ్డ.

"పోయి బండెక్కు పెద్దాయనా. నాకు పనుండాది."

"ఎక్కుతాలే. ముందు ఆ బొటనవేలు సూడు. మడిసి పెట్టినావు. ఎత్తెయ్."

"ఎత్తేస్తే రింగు కింద పడతాది. అప్పుడు నాకు కూడు నువ్వు పెడతావా?"

"గట్టిగా పట్టుకుంటేనే పడేది. ఇంజను లాగతాది, నువ్వు ఇడవవు. రింగన్నా పడతాది, నువ్వన్నా పడతావు."

మునిరత్నానికి ఒళ్ళు మండింది.

"ఎవురికి జెప్తాండావు? మా నాయన మునస్వామి కుడిచెయ్యి పోయింది ఈడనే, ఈ రింగుతోనే. ఆ డ్రైవరు కండ్లు నెత్తికెక్కి స్పీడు తగ్గించలా. ఈ పొద్దుటికీ వాని మీద దుమ్మెత్తి పొయ్యకుండా మా యమ్మ పొయ్యి ముట్టించదు."

ముసలాయన భుజం మీది తుండుగుడ్డ తీశాడు.

"పొయ్యనీలే. నువ్వు చెయ్యెత్తు."

తుండుగుడ్డ మెలిపెట్టి, రెండు కొసలూ ముడేసి, మునిరత్నం చేతికిచ్చాడు. ఇరవై అడుగులు వెనక్కి నడిచాడు. చెయ్యి చాపుకుని రొప్పుతూ పరుగెత్తుకొచ్చాడు.

ప్యాసింజరు కిటికీలన్నీ నవ్వాయి.

"తాతా, బొగ్గు చాలిందా? ఇంకో జామకాయ వెయ్యాల్నా?" ప్లాట్‌ఫారం మీద జామకాయల గంప ముందు కూర్చున్న నాగులమ్మ అడిగింది.

"వెయ్యి తల్లీ. కూత గూడా సరిగా రాలా."

మొదటిసారి మునిరత్నం వేలు మడిచే ఉంచాడు. గుడ్డ లాగిన ఊపుకు రెండడుగులు అంచు మీదికి తూలాడు. ముసలాయన భుజం పట్టి ఆపాడు.

"నేను ముసిలోణ్ణి. వచ్చేది ఇంజను."

మునిరత్నం మళ్ళీ చెయ్యెత్తాడు. మళ్ళీ తూలాడు. నాలుగోసారికి వేలు పైకి లేచింది. గుడ్డ ఎప్పుడు పోయిందో చేతికి తెలియలేదు.

"అదీ. నాలుగేళ్ళ మీద ఆనించు, అంతే. ఇచ్చేది నీ పని కాదు. తీసుకునేది వాని పని."

దూరంగా పొగ కనిపించింది. స్టేషను మాస్టరు గంగాధరం పచ్చజెండాతో బయటికొచ్చాడు. ముసలాయన ఇంకేమీ చెప్పకుండా పోయి బండెక్కాడు.

మునిరత్నం గుండున్న రింగు తీసుకుని అంచుకు పోయాడు. వదిలితే ఉద్యోగం పోతుంది. పట్టుకుంటే చెయ్యి.

ప్లాట్‌ఫారం అదిరింది. వేడిగాలి మొహానికి కొట్టింది. అతను బొటనవేలు ఎత్తి కళ్ళు మూసుకున్నాడు.

కళ్ళు తెరిచేసరికి చెయ్యి ఖాళీగా ఉంది. రింగు ఇంజనుతో పోయింది. అయిదు వేళ్ళూ ఉన్నాయి.

ఒక మాట చెబుదామని తిరిగాడు. అప్పటికి పట్టాల పాయింట్లు మార్చమని గంగాధరం కేకేశాడు. ఆ పని ముగించేలోపల ప్యాసింజరు కదిలింది. పెట్టె వాకిట్లో నిలబడ్డ ముసలాయన మునిరత్నం మొహం చూడలేదు. కుడిచెయ్యి చూశాడు. చూసి లోపలికి పోయాడు.

"ఏరా, వరదయ్య ఏమంటాడు?" అన్నాడు గంగాధరం.

"వరదయ్యెవురు సార్?"

"నీ ముందర ఇంజనాట ఆడినాడే, ఆయన. మీ నాయన చెయ్యి పోయిన పొద్దు రింగు అందుకున్న డ్రైవరు ఆయనే."

మునిరత్నం మాస్టరు దగ్గరికి వచ్చాడు.

"ఆ పొద్దు స్పీడు తగ్గించి ఉంటే..."

"తగ్గించినాడు. నేను ఈడనే నిలబడుండా. మెమో భయానికి మీ నాయనే వేలు మడిసినాడు."

"ఎంక్వైరీలో తప్పు డ్రైవరుదని తేల్చిరి గదా సార్?"

"తేల్చేదేముంది, ఆయనే రాసిచ్చినాడు. తప్పు మునస్వామిదంటే ఇంటికి పంపేస్తారు, కొడుక్కు గూడా ఉద్యోగం రాదని. తప్పు నాదేనని సంతకం పెట్టి ఇంజను దిగిపోయినాడు. ఆ సంతకం మీద వచ్చిన ఉద్యోగమే నువ్వు చేస్తా ఉండేది."

మునిరత్నం పట్టాల వైపు చూశాడు. పొగ కూడా మిగల్లేదు.

"దాని కిందనే ఇంకొక మాట రాసినాడు. మనిషి చెయ్యికి బదులు రింగు తగిలించేదానికి ఇనప స్తంభం నాటించండని."

ఆ కాగితం పైకి పోయి ఆరేళ్ళు నిండాయి. అయ్యలారా, ఇంకో చెయ్యి తెగక ముందే ఆ స్తంభాలు నాటించండి.