నిద్రపోని డెస్క్‌టాప్

మా అల్లుడి రక్తపరీక్షల ల్యాబులో రిపోర్టులన్నీ వెనకగదిలోని ఒక మామూలు డెస్క్‌టాపులోనే ఉంటాయి. వచ్చే నెలనుంచి ఎదుటి ఆసుపత్రి వైద్యులు వాటిని రాత్రంతా చూసుకుంటారు. అది ఒక్క గంట ఆగినా ఎవరి ప్రాణానికో ముప్పు. రాత్రింబవళ్లు ఆగకుండా నడిచే సర్వర్ కొనాలో వద్దో తేల్చమని అల్లుడు నన్ను పిలిచాడు.

"డెస్క్‌టాప్ వ్యవస్థను మనిషి కోసం చేశారు, అల్లుడూ. ఎదుట ఎవరూ లేకపోతే పావుగంటలో నిద్రపోతుంది. సర్వర్‌కు మనిషితో పనిలేదు."

"ఇది మూడేళ్లుగా ఒక్క రాత్రీ కునుకు తీయలేదు, మామయ్యా. కుంభకర్ణుడి చుట్టం కాదు లెండి!"

సెట్టింగు చూశాను. పావుగంటకు నిద్రపొమ్మన్న ఆదేశం అలాగే ఉంది. ఆ కుర్చీలో కూర్చునే టైపిస్టమ్మ చనిపోయి మూడేళ్లయింది. తరువాత అక్కడ ఎవరూ కూర్చోలేదు.

పనివాళ్లందరూ వెళ్లిపోయాక, దాన్ని మేల్కొలిపేదేదీ మిగలకూడదని మౌసునూ, కీబోర్డునూ, నెట్‌వర్కు తీగనూ ఊడదీసి, గడియారం చూస్తూ కూర్చున్నాను. ఫ్యాను చప్పుడు నిద్రలోని ఊపిరిలా సాగుతోంది. తెర వెలుగు గోడల మీద నీటినీడలా తేలుతోంది. పద్నాలుగో నిమిషాన తెర మసకబారింది. నా మనసు కుదుటపడింది. అంతలో, ఎవరో మెల్లగా పిలిస్తే కళ్లు తెరిచినట్టు, అది మళ్లీ వెలిగింది.

మూడుసార్లు చూశాను. మూడుసార్లూ అంతే. కారణం ఉండే ఉంటుంది. నాకు తెలియదంతే.

అల్లుడు గుమ్మంలోకి వచ్చాడు.

"సర్వర్ కొను," అన్నాను. "కారణం తెలియని మెలకువను నమ్మి రోగుల ప్రాణాలు అప్పగించలేం."

"మరి దీన్ని ఆపేద్దామా?"

మీట మీద వేలు పెట్టాను. ఆ ప్రశ్నకు నాకంటే ముందు ఇంకెవరైనా జవాబు చెబుతారేమోనని కాసేపు ఆగాను.