ఉప్పుకాగితం

"బావగారూ, ఉప్పుకాయితం ముక్కేమన్నా ఉంటుందాండీ?"

గేటు దగ్గర గొంతు వినిపించినా రామమూర్తి వెంటనే తలెత్తలేదు. లాంబ్రెట్టా పక్క డొప్ప విప్పి, పీట వేసుకుని దాని ముందు కూర్చున్నాడు. ఆదివారం వస్తే బందరు గొడుగుపేటలోని ఆ ఇంటి వాకిట్లో అతను చేసే పూజ అదే. ప్లగ్గు తుడవడం, పాయింట్లు రుద్దడం, కిక్కు కొట్టడం, తిట్టుకోవడం.

ఆఫీసులో అందరూ కొత్త మోటారు సైకిళ్లు కొంటున్న రోజులు. రామమూర్తి మాత్రం తండ్రి కొన్న స్కూటర్ని వదల్లేదు. ఆయన పోయి ఏడాది దాటినా అది కొడుకు మాట వినడం ఇంకా నేర్చుకోలేదు.

"ఉంది, రండి. ఏమైంది?"

"కారు ఆగిపోయిందండీ, మీ గోడ పక్కనే. పాయింట్లు మాడినట్టున్నాయి."

ప్రహరీ మీదుగా పాత అంబాసిడర్ టాపు మాత్రమే కనిపిస్తోంది. వచ్చిన మనిషికి నలభై ఏళ్లుంటాయేమో. చొక్కా నలిగింది. కళ్లు ఎర్రబడ్డాయి. రాత్రంతా బండి నడిపిన డ్రైవరు కాబోలు అనుకున్నాడు రామమూర్తి.

"ఎవరండీ ఆ బావగారు?" అంది వంటింట్లోంచి అతని భార్య వసుంధర, నవ్వు ఆపుకుంటూ.

"మన కృష్ణాజిల్లాలో దారిన పోయే ప్రతివాడూ బావే కదే!"

డబ్బాలోంచి ఉప్పుకాగితం తీసిచ్చాడు. అతను తీసుకున్నాడు గానీ కదల్లేదు.

"స్పార్కు చూశారా బావగారూ?"

"ఒక్కణ్ణి ఎలా చూస్తాను? కిక్కు కొట్టేదెవరు, ప్లగ్గు పట్టుకునేదెవరు?"

"నేను పట్టుకుంటాను. మీరు కొట్టండి."

అడిగించుకోకుండానే గొంతుక్కూర్చుని, వైరుకు ప్లగ్గు తగిలించి ఇంజనుకు ఆనించి పట్టుకున్నాడు. రామమూర్తి లేచి కిక్కు కొట్టాడు. నిప్పురవ్వ ఎర్రగా, నీరసంగా వచ్చింది.

"నీలంగా రావాలండీ. పాయింట్లు ఇంకాస్త రుద్దాలి," అన్నాడతను. ప్లగ్గు కొన తుడుస్తూ, "మాది మోపిదేవండీ," అన్నాడు.

"అలాగా. స్వామి దర్శనానికి ఎప్పట్నుంచో అనుకుంటున్నాం."

"మీవాళ్లెవరూ లేరా ఆ వైపు?"

"మా పెదనాన్నగారబ్బాయి శోభనాద్రి ఉన్నాడు, అవనిగడ్డలో."

"మరి... అక్కచెల్లెళ్లూ?"

కిక్కు మీద రామమూర్తి కాలు ఆగింది.

ఒక చెల్లెలు ఉండేది. ఉమ. చిన్నప్పుడు ప్లగ్గు పట్టుకోవడం దాని పని. షాకు కొడితే వీధంతా వినపడేలా అరిచి, మళ్లీ తనే చెయ్యి చాపేది. ఇంట్లో చెప్పకుండా కులంకాని పెళ్లి చేసుకుందని తండ్రి దానికి నీళ్లొదిలేశాడు. పెళ్లికొడుకు పేరేమిటో, ఊరేమిటో కూడా అడగనివ్వలేదు. ఆ తర్వాత ఎవరడిగినా ఆ ఇంట్లో ఒకటే జవాబు. తండ్రి పోయాక ఆ జవాబు మార్చుకోవచ్చని రామమూర్తికి తోచలేదు. చెల్లెలి మీద ప్రేమ లేక కాదు. ఉంది, బోలెడంత ఉంది. నోటికి మాత్రం అలవాటు వదల్లేదు.

"లేరండీ. నేనొక్కణ్ణే," అన్నాడు గట్టిగా.

అతను ప్రహరీ వైపు చూశాడు.

"అసలు లేరా... ఉండి లేరా బావగారూ?"

రామమూర్తికి ఒళ్లు మండింది. "ఏమిటండీ! స్పార్కు చూడమంటే జాతకం చూస్తారేం? లేరని చెప్పానా!"

విసురుగా కిక్కు కొట్టాడు. అతని చెయ్యి ఎగిరిపడింది. ప్లగ్గు కింద పడింది.

"అయ్యో, షాకు కొట్టిందా?"

"ఆఁ... కొట్టిందండీ," అన్నాడతను. కళ్లనిండా నీళ్లు. మోచేత్తో తుడుచుకుని, ప్లగ్గు తీసి జాగ్రత్తగా పీట మీద పెట్టాడు. "వస్తాను బావగారూ," అని వెళ్లిపోయాడు.

మరునిమిషంలో అంబాసిడర్ స్టార్టయింది. బానెట్ తెరిచిన చప్పుడు కూడా లేదు.

"చూశావా, రుద్దకుండానే కదిలింది! మనదేమో ఎంత రుద్దినా కదలదు," అని భార్యతో నవ్వాడు రామమూర్తి.

ఆ మర్నాడు శోభనాద్రి వచ్చాడు. గేటు తీశాడు గానీ గుమ్మం ఎక్కలేదు.

"లోపలికి రా అన్నయ్యా."

"నేను రాకూడదు. నువ్వు తలమీద నీళ్లు పోసుకోరా. ఉమ పోయింది."

రామమూర్తి అరుగు మీద కూలబడ్డాడు. గుండెల్లో ఇన్నాళ్లూ దాచుకున్న పేరు ఇలా చెవిన పడుతుందని అతను అనుకోలేదు.

"ఎప్పుడు?"

"నిన్న, ఇల్లు చేరకుండానే. ఇంక లాభం లేదన్నారట, ఇక్కడి ఆస్పత్రిలో."

"ఈ ఊళ్లోనే ఉందా? నాకెందుకు చెప్పలేదు అన్నయ్యా? పరిగెత్తుకుంటూ వెళ్లేవాణ్ణి కదా!"

"చెప్పనివ్వలేదురా. 'అన్నయ్య నోట నా పేరొస్తేనే చెప్పండి. రాకపోతే ఏం మాట్లాడకుండా వచ్చెయ్యండి' అని ఒట్టు వేయించుకుందట."

"ఎవరి చేత?" అన్నాడు రామమూర్తి.

"మొగుడి చేత. నిన్న నీ ప్రహరీకి ఆనించి అంబాసిడర్ ఆపి, నీ దగ్గరికి వచ్చినవాడు మన ఉమ మొగుడు అంకమ్మరావు. వెనక సీట్లో పడుకుని అది నువ్వన్నవన్నీ వింది. 'అన్నయ్య గొంతేం మారలేదండీ' అని మురిసిపోయిందట పిచ్చిది."