వీపు చూపిన అవ్వ

పది గంటలకు ఎగ్జామినర్ వస్తాడు. తొమ్మిదిన్నరైనా అవ్వ నాకు వీపే చూపిస్తోంది.

అవ్వ అంటే మా కాలేజీ ప్రాజెక్టులోని బొమ్మ. కంప్యూటర్‌లో మేం కట్టిన ఊరికి పేరు కొట్టి ఎవరొచ్చినా, వాళ్ల వైపు తిరిగి పలకరించడం ఆమె ఉద్యోగం. మూడు రోజులుగా కోణాలన్నీ తవ్వాను. డిగ్రీలను రేడియన్లు చేశాను, గుణకారాల వరుస మార్చాను, గణితశాస్త్రాన్ని ఏడు తరాలతో సహా తిట్టాను.

అవ్వను తిప్పే లెక్క రాసింది ప్రాజెక్టులో నా జోడీ షాహీనా. ఫోన్ చేసి అరిచాను.

"నీ లెక్క తగలెయ్య! అవ్వ గోడకు తిరుగుతాండాది!"

"నేను ఆ ఊర్లోకి పోతే చక్కగానే తిరుగుతాండాదే, ఉరుకుందప్పా. నీ మొగం ఒకసారి అద్దంలో సూసుకో."

"ఈడ మార్కులు పోతాంటే నీకు ఎగతాళా?"

పెట్టేసింది. ఒళ్లు మండి, అవ్వను నడిపే స్క్రిప్టు మొత్తం మొదటినుంచీ చదివాను. నూట పన్నెండో వరుసలో నా పేరే దొరికింది: వచ్చినవాడు ఉరుకుందు అయితే నూటెనభై డిగ్రీలు కలుపు.

పక్కనే ఆమె గమనిక: "పని ఇద్దరిది. ప్రాజెక్టు పుస్తకం అట్ట మీద పేరు ఒక్కడిదే ఉండాది."

ఆ వరుస చెరపడానికి నాకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. చెరిపాను. అవ్వ బుద్ధిగా నా వైపు తిరిగింది.

"రాప్పా, బువ్వ తింటివా?" అంది.

ఆ గొంతు కూడా షాహీనాదే.

ఎగ్జామినర్ మెట్లెక్కుతున్నాడు. అట్ట మీద, నా పేరుకు పైన, పెన్నుతో ఆమె పేరు రాశాను. అక్షరాలు వంకరగా వచ్చాయి.